తెర దాటిపోయిన మాట

సర్వర్ సారు టీ గ్లాసు చేతికి తీసుకున్నాడంటే ఆ టీ చల్లారిపోవాల్సిందే. తాగాలంటే నోరు ఖాళీగా ఉండాలి కదా.

పార్సిల్ కంపెనీ గేటుకి ఎదురుగా, రోడ్డుకి అవతల, రేకుల పంచ కింద మూడు బెంచీల టీ కొట్టు. మధ్యాహ్నం రెండుంబావు అయింది. ముందు బెంచీ మీద సర్వర్ సారు కూర్చున్నాడు. కంపెనీ కంప్యూటర్ల సర్వర్లు చూసే పెద్దాయన, అందుకే ఆ పేరు. ఆయనకి ఒకపక్క కొత్తగా చేరిన వ్యాను డ్రైవరు, రెండోపక్క స్టోరు గుమస్తా. పొయ్యి దగ్గర కొట్టు నడిపే పిన్ని. వెనక బెంచీ చివర, గోడవైపు తిరిగి, ఒళ్ళో ఫైలు పెట్టుకుని ఆమె.

ఆమె ఆ కంపెనీ కంప్యూటర్ల విభాగంలో ఎనిమిదేళ్ళు పనిచేసింది. రెండు నెలలుగా సస్పెన్షన్‌లో ఉంది. మూడు గంటలకి పై అంతస్తులో, హెచ్‌ఆర్ గదిలో ఆఖరి విచారణ. ఉద్యోగం ఉంచుతారో ఊడగొడతారో ఇవాళ తేలిపోతుంది.

జరిగిందిది. రెండు నెలల కిందట ఒక మంగళవారం, కంపెనీ కౌంటర్లన్నిటిలో ఉన్న కంప్యూటర్లు పదే పదే లాక్ అయిపోయాయి. పార్సిల్ తూకం వేసి తల తిప్పేలోపు స్క్రీను మూసుకునేది. మళ్ళీ పాస్‌వర్డు కొట్టాలి, చిరునామా రాసేలోపు మళ్ళీ మూసుకునేది. జనం మూటలు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా నిలబడ్డారు. ఎవరు మార్చారయ్యా ఈ సెట్టింగు అని రికార్డు తీస్తే ఆమె పేరుంది. ఆ రోజు ఆమె సెలవు పెట్టి, తన అక్క కాన్పుకని ఆసుపత్రిలో ఉంది. కానీ సెలవులో తనవల్ల పని ఆగకూడదని పాస్‌వర్డు ముగ్గురికి చెప్పి వెళ్ళింది. అది తప్పే, ఒప్పుకుంది. ఆ ముగ్గురూ మాత్రం "ఆ రోజు మేము ఆమె గదిలో అడుగు పెట్టలేదు" అని సంతకాలు పెట్టి రాసిచ్చారు. ముగ్గురిలోకీ పెద్దవాడు సర్వర్ సారు.

ఆయన ఆమెని గమనించలేదు. కళ్ళజోడు పెట్టుకుంటే ముసలివాడంటారని జేబులోనే దాచుకుంటాడు. నాలుగు బారల అవతల ఎవరున్నా ఆయనకి మనిషి ఆకారమే గాని మొహం తెలియదు.

"సార్, మీరు ఏదో అక్షరాలు మాయమైన కథ చెప్తానన్నారు," అన్నాడు డ్రైవరు.

"కథేంట్రా, జరిగిందే! అయినా పెద్ద విషయమేం కాదులే, చిన్న పని. ఇరవై ఏళ్ళ కిందటి మాట, ఇక్కడ కాదు, ఇంకో కంపెనీలో. సిస్టమ్ ముందు మనిషి లేకపోతే పదిహేను నిమిషాలకి స్క్రీను దానంతటదే లాక్ అయిపోవాలని పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ఆ లాక్ సంగతి చూసే సెట్టింగుల పెట్టె ఒకటుంటుంది, ఒక్క చోట కూర్చుని అందులో అంకె మారిస్తే కంపెనీ మొత్తం మారిపోతుంది, అందుకే అది అందరి చేతికీ ఇవ్వరు, నాలాంటి వాడి చేతికే ఇస్తారు. సరే కదా అని పొద్దున్నే వెళ్ళి దాన్ని తెరిచాను. తెరిస్తే ఏముందీ? సగం అక్షరాలు లేవు!"

"లేవంటే?"

"లేవంటే లేవురా! కుడిపక్కన ప్రతి మాటా మధ్యకి తెగిపోయింది, కత్తిపీటకి పెట్టినట్టు. అంకెలున్నాయి, అంకెల పక్కన ఏముందో లేదు. వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. అన్నీ అయ్యాక కింద నొక్కడానికి 'సరే' అని బటనుండాలి కదా, అదీ లేదు. స్క్రీను అంచు దాటి కిందికి జారిపోయింది. అక్కడున్న పెద్ద పెద్ద చదువులు చదివినోళ్ళంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. సిస్టమ్ ఆపి మళ్ళీ ఆన్ చేద్దామంటాడొకడు, కొత్త స్క్రీను కొందామంటాడొకడు. నేను నవ్వి, పక్కకి జరగండ్రా అన్నాను."

వెనక బెంచీలో ఆమె తల కొద్దిగా ఇటు తిరిగింది. ఆ రోగం ఆమెకి తెలుసు. కంప్యూటర్లో అక్షరాల సైజు బాగా పెంచితే పాతకాలపు సెట్టింగుల కిటికీలు ఆ సైజుకి సాగవు. మాటలు కుడిపక్కన తెగిపోతాయి, బటన్లు కిందికి దిగిపోతాయి, ఎంటర్ కొడితే మాత్రం పనైపోతుంది. సెలవుకి వెళ్ళే ముందు రోజు తన సీట్లో కంప్యూటరు అక్షరాలు పెద్దవి చేసింది తనే. "కళ్ళకేం కాలేదమ్మాయ్, ఈ స్క్రీనే నాసిరకం" అని సర్వర్ సారు గొణుగుతుంటే, పోనీ పాపం, తను లేనప్పుడు కూర్చోవాల్సి వస్తే ఇబ్బంది పడతాడని చేసింది. అయినా ఆయన చెప్తున్నది ఇరవై ఏళ్ళ కిందటి ముచ్చట కదా. ఆమె మళ్ళీ ఫైలు వైపు చూసింది.

"ముందు ఆ లాక్ అయ్యే టైము చూశాను," సర్వర్ సారు అందుకున్నాడు. "అక్కడ ఏ బుద్ధిలేనివాళ్ళు పెట్టారో గాని, తొమ్మిది వందలు! గుమస్తాగారూ, తొమ్మిది వందల నిమిషాలంటే ఎంత?"

స్టోరు గుమస్తా పెదాలు కదిపాడు. "పదిహేను గంటలు."

"చూశావుట్రా! పదిహేను గంటలు స్క్రీను బార్లా తెరుచుకుని ఉంటే దారినపోయే దానయ్య కూడా వచ్చి పార్సిళ్ళు తన పేరున రాసుకుపోతాడు. తీసి అవతల పారేసి పదిహేను కొట్టాను."

ఆమె వేళ్ళు ఫైలు అంచు మీద ఆగిపోయాయి. తొమ్మిది వందలు. ఆ అంకె పెట్టింది తను. తొమ్మిది వందల్ని అరవైతో భాగిస్తే పదిహేను.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?" సర్వర్ సారు గ్లాసు గాల్లోకి ఎత్తాడు. "అంకె అయితే కొట్టాను, మరి 'సరే' బటను? అది కిందికి జారిపోయిందని చెప్పాను కదా. కిందికి జారింది ఎక్కడికి పోతుందిరా, కిందనే ఉంటుంది. బల్ల కిందికి దూరాను. స్క్రీను ఇక్కడ, బటను ఇంత కింద అని జానలతో కొలిచి, గాల్లో వేలు పెట్టి ఒక్క నొక్కు నొక్కాను. టక్! పైన పనైపోయింది. చుట్టూ ఉన్నోళ్ళు చప్పట్లే చప్పట్లు."

"గాల్లోనా సార్?"

"మరి! చేతికి చల్లగా తగిలింది కూడా."

పిన్ని పాలు కలుపుతూ, "మా ఇంట్లో స్విచ్చి కూడా నెలనుంచి పనిచెయ్యట్లేదు, బల్ల కింద వెతుకుతానుండు," అంది. డ్రైవరు విరగబడి నవ్వాడు. మెచ్చుకుని నవ్వినా, ఎగతాళికి నవ్వినా సర్వర్ సారుకి ఒకటే, నవ్వు వినపడితే చాలు ఆయన ఇంకో మెట్టెక్కుతాడు.

"నవ్వండి, నవ్వండి. అసలు యుద్ధం అప్పుడు మొదలైంది. అరగంట తిరక్కుండా ఫోన్లు! ఎవడో శత్రువు కన్నేశాడు మన మీద. ఉన్న నాలుగు వందల పన్నెండు సిస్టమ్సూ పదిహేను సెకన్లకోసారి తలుపులేసుకుంటున్నాయి. తెరిస్తే మూసుకుంటాయి, తెరిస్తే మూసుకుంటాయి. మేనేజరు కుర్చీలో కూలబడి, 'నువ్వే దిక్కు' అన్నాడు. నేను షర్టు చేతులు మడిచాను. ఒక్కో సిస్టమూ ఒక్కో సెకనులో తెరుచుకుంటూ పోయాను."

గుమస్తా వేళ్ళు మడిచి ఆగాడు. "సార్, పదహారోది తెరిచేసరికి మొదటిది మళ్ళీ మూసుకుంటుంది కదా?"

"అందుకేగా పద్ధతి మార్చాను! పది వేళ్ళతో కాదు, కాళ్ళ వేళ్ళు కూడా పెట్టి, ఒక్క గుక్కలో నాలుగు వందల పన్నెండూ తెరిచాను. కీబోర్డు కాలి కమురు వాసనొచ్చింది. ఒకడు బకెట్టుతో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు, నేను కొడుతూనే ఉన్నాను. అలా మూడు కీబోర్డులు అరిగిపోయాయి. నాలుగోదాని మీద అక్షరాలు లేకపోయినా ఏది ఎక్కడుందో వేళ్ళే వాసన పట్టేశాయి."

"ఆ తెగిపోయిన అక్షరాల సంగతేమైంది మరి?" డ్రైవరు ఎగదోశాడు.

"అడిగావూ! అదే చెప్పబోతున్నా. శత్రువు సంగతి తేలాక, ఈ తెగుడు సంగతి కూడా తేల్చేద్దామని ఆ సెట్టింగుల కిటికీ మూల పట్టుకుని లాగాను. అది సాగదు, నేను వదలను. ఇంకా లాగాను. స్క్రీను చట్రం కిర్రుమంది. ఇంకా లాగాను. ఎదుటి గోడకి బీట పడింది. ఒక్కసారిగా ఏమైందో తెలుసా? అవతల ఇరుక్కున్న అక్షరాలన్నీ జలజలమని బల్ల మీద రాలాయి, వడ్లు పోసినట్టు! చీపురు తెప్పించి, ఊడ్చి, క్యారేజీ మూతలోకి ఎత్తి, ఏ ఒత్తు ఎవరిదో, ఏ గుడి ఎవరిదో ఏరి, ఒక్కోటీ తీసుకెళ్ళి అతికించాను. ఒక్క కొమ్ము తక్కువొచ్చింది. వెతకగా వెతకగా మేనేజరు బూటుకి అంటుకుని ఉంది."

"పాపం, ఆయన కొమ్ముతోనే ఇంటికెళ్ళిపోయేవాడు," అంది పిన్ని.

"ఆ సాయంత్రం ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన వాళ్ళ పెద్ద ఇంజనీరే ఫోన్ చేశాడు. అయ్యా, మేము పదేళ్ళుగా దిద్దలేనిది మీరెలా దిద్దారని ఏడ్చాడు. నేనేమన్నా? బాబూ, ఏడవకు, చదువు వేరు చెయ్యి వేరు అన్నాను. ఫోన్ పెట్టేసి బయటికొచ్చి పైకి చూద్దును కదా, చంద్రుడు కూడా సగానికి తెగిపోయి ఉన్నాడు! ఇది నా ఒక్క కంపెనీతో పోయేది కాదు, చాలా దూరం పాకిందిరా అనుకున్నా. మళ్ళీ లోపలికెళ్ళి కూర్చున్నా."

"అది మామూలు సగం చంద్రుడు సార్!"

"నువ్వట్లా అంటావని తెలుసు. నేను కూర్చున్నాక వారానికల్లా నిండు చంద్రుడయ్యాడా, లేదా? అది చెప్పు ముందు!"

డ్రైవరు తొడలు చరుచుకున్నాడు. గుమస్తాకి పొలమారింది. ఆ నవ్వుల మధ్య వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది, మెల్లగా.

"సార్, ఆ తొమ్మిది వందల పక్కన ఏం రాసి ఉంది?"

"ఏముంటుందమ్మా, తెగిపోయిందని చెప్పాను కదా. వట్టి అంకే," అన్నాడాయన అటు చూడకుండానే. తర్వాత గొంతు తెలిసింది. తిరిగాడు. కళ్ళు చిట్లించాడు. ఆమె లేచి ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"ఓ… అమ్మాయ్, నువ్వా. ఎప్పుడొచ్చావ్?"

"చాలాసేపైంది సార్. మూడింటికి విచారణ."

"ఆఁ ఆఁ. మంచే జరుగుతుందిలే. ధైర్యంగా ఉండు."

"ఇరవై ఏళ్ళ కిందట, ఇంకో కంపెనీలో కూడా లెక్క సరిగ్గా నాలుగు వందల పన్నెండేనా సార్? మన దగ్గర మొన్న మార్చిలో పన్నెండు కొత్తవి కొంటేనే కదా అంతయ్యాయి."

"ఏదో నోటికొచ్చిన అంకె."

"తొమ్మిది వందలు?"

"అదీ నోటికొచ్చిందే." ఆయన నవ్వబోయాడు, నవ్వు సగంలోనే ఆగింది. "కోతలమ్మా! అన్నీ కోతలే. ఏదో కాసేపు కాలక్షేపం. వీళ్ళనడుగు కావాలంటే. చంద్రుణ్ణి బాగుచేశానన్నాను, అదీ నిజమేనంటావా?"

డ్రైవరు ఊపిరి పీల్చుకున్నాడు. "అవునక్కా, సారు సంగతి తెలిసిందేగా. ఇన్నాళ్ళకి ఒక్క నిజం ఒప్పుకున్నారు."

"లేదు తమ్ముడూ. చంద్రుడి సంగతి నవ్వుకోడానికి చెప్పారు. అబద్ధం ఇప్పుడే ఆడారు."

ఆమె ఫైలు తెరిచి ఒక కాగితం తీసి గుమస్తాకి చూపించింది. "రికార్డు ఇదే బాబాయ్. ఆ మంగళవారం పొద్దున పది దాటి పది నిమిషాలకి, నా పేరు మీద, కొత్త అంకె పదిహేను. కొత్తదే రాసుంటుంది, పాతదేమిటో ఏ కాగితంలోనూ ఉండదు. నన్నెవరూ అడగలేదు, నేనెవరికీ చెప్పలేదు. నాకు తప్ప అది తెలియాలంటే ఆ రోజు ఆ కిటికీ తెరిచి చూసి ఉండాలి."

గుమస్తా కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. ఆయనకి ఒక ధర్మసందేహం వచ్చింది. "అయితే తల్లీ, పదిహేను గంటలు నువ్వెందుకు పెట్టావు?"

"నిమిషాలు కాదు బాబాయ్. అక్కడ లెక్క సెకన్లలో ఉంటుంది. అరవైతో భాగించండి."

ఆయన పెదాలు కదిలాయి. రెండోసారి లెక్కేసుకున్నాడు. "పదిహేను… పదిహేను నిమిషాలు."

"అంటే సర్క్యులర్లో అడిగింది ముందునుంచీ ఉన్నట్టేగా?" అంది పిన్ని.

"ఉన్నట్టే పిన్నీ. సారు దాన్ని బాగుచేశారు. పదిహేను సెకన్లయింది."

డ్రైవరుకి అప్పుడర్థమైంది. అర్థమైన సంతోషంలో ఆపుకోలేక ఫక్కున నవ్వేశాడు. "ఓరి నాయనో! అయితే శత్రువు మీరేనా సార్? సెకన్లకీ నిమిషాలకీ తేడా తెలీక ఊరంతా తాళాలేశారా? మా వ్యానులో క్లీనరుకి కూడా తెలుసు కదా సార్ ఆ తేడా!"

ఇందాకటినుంచీ ఎన్ని నవ్వులైనా మింగి బలిసిన మనిషికి ఈ ఒక్క నవ్వు గొంతుకి అడ్డం పడింది. సర్వర్ సారు లేచి నిలబడ్డాడు. టీ చెయ్యి మీద ఒలికింది.

"తేడా తెలీదా? నాకా? ముప్పై నాలుగేళ్ళ సర్వీసురా నాది! నువ్వు పుట్టకముందే సర్వర్లు విప్పి బిగించినవాణ్ణి! అక్కడ సెకన్లని రాసి ఉంటే నేను చదువుకోలేనా? రాసి లేదు! ఆ మాట స్క్రీను మీద లేదు! కళ్ళు పొడుచుకుని చూశాను, కుర్చీ జరుపుకుని చూశాను, మౌసు పెట్టి లాగి చూశాను, లేదు! ఆ కుర్చీలో ఎవడు కూర్చున్నా…"

అక్కడ ఆగాడు.

రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. పిన్ని పొయ్యి మీద పాలు పొంగి, గిన్నె అంచున కాలి వాసనొచ్చాయి. పిన్ని గిన్నె దించింది.

"ఆ కుర్చీలో…" అన్నాడు గుమస్తా, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "ఆ గదిలో అడుగే పెట్టలేదని రాసిచ్చారు కదండీ మీరు."

సర్వర్ సారు కూర్చున్నాడు.

ఆమె రెండు నెలలుగా ఈ క్షణం కోసం ఎన్ని మాటలు కూడబెట్టుకుందో లెక్కలేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, అడిగిందీ విన్నదీ లేకుండా తన పేరుంది కాబట్టి తనే అన్నవాళ్ళు గుర్తొచ్చారు. పసిగుడ్డుని ఒళ్ళో పెట్టుకుని "నిజం చెప్పవే, ఫోన్లోంచి నువ్వేమైనా నొక్కావా?" అని అడిగిన అక్క గుర్తొచ్చింది. అప్పటినుంచీ ఆమె రాత్రుళ్ళు తన మీద తనకే అనుమానమొచ్చి లెక్కలు వేసుకునేది. తొమ్మిది వందలు సరిగ్గానే కొట్టానా, ఒక సున్నా తక్కువైందా అని. ఇప్పుడు తీరా ఎదురుగా చూస్తే, చల్లారిన టీ చేతుల మీద ఒలకబోసుకున్న ఒక ముసలాయన. తిట్టడానికి కూడా చేదుగా ఉంది.

"ఆ మాట స్క్రీను మీద లేదన్నది నిజమే సార్," అంది. "అక్షరాలు పెద్దవి చేసింది నేనే, మీ కోసం. అందుకే తెగిపోయింది. పాస్‌వర్డు ఇచ్చిందీ నేనే. ఆ రెండూ పైన చెప్తాను. మిగతాది మీరు చెప్పాలి."

ఆయన చెయ్యి మీది టీని చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఆ పూటే తెలిసింది కదా మీకు? పదిహేను సెకన్లని ఫోన్ రాగానే."

ఆయన తల అడ్డంగా ఊపబోయి, మధ్యలో మానేశాడు.

డ్రైవరు నవ్వు ఎప్పుడో ఆరిపోయింది. తాళాలు తీసి చూసుకుని, "నాకు ట్రిప్పుందక్కా, కొత్తగా చేరినవాణ్ణి, నన్నిందులోకి లాగకండి," అని గొణిగి వ్యాను వైపు నడిచాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

స్టోరు గుమస్తా గ్లాసు బెంచీ కింద పెట్టాడు. జేబు తడుముకుని పెన్ను ఉందో లేదో చూసుకున్నాడు. పద్దెనిమిదేళ్ళుగా సర్వర్ సారు పక్కనే కూర్చుని టీ తాగిన మనిషి. ఆయన వంక చూడకుండానే, "పద తల్లీ. విన్నది విన్నట్టు చెప్తాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పను," అన్నాడు.

"అంతకంటే అక్కర్లేదు బాబాయ్."

రెండడుగులు వేశారో లేదో, వెనకనుంచి సర్వర్ సారు పిలిచాడు. ఆ గొంతు కొత్తగా ఉంది. అందులో దర్జా లేదు, ఆ తర్వాత ఏమైందో చెప్పే ఊపు లేదు.

"అమ్మాయ్… నాకింకా ఏడు నెలలే ఉంది సర్వీసు."

ఆమె ఆగింది.

"నాకింకా ఇరవై ఆరేళ్ళుంది సార్," అని చెప్పి రోడ్డు దాటింది.